రెండు భన్‌పురుల నడుమ ఉప్పు బాట

రాయపూరు నగరమునకు ఉత్తరమున, బిలాస్‌పూరునకు పోవు మార్గముపై, భన్‌పురి యను ఊరు కలదు. ఊరనుట వెనుకటి వాడుక. నేడది కోతమిల్లులతోను, కలప అడితీలతోను, కార్ఖానాలతోను నిండి నగరమున గలిసిపోయిన పేట. అచ్చట నిలుచుండి నలుదిక్కులు పరికించినను కొండ యొక్కటియు కంటబడదు. అయినను అడితీలోని దుంగల వరుసల నడుమ నడచువానికి అడవి వాసన తగులకపోదు. ఒక టేకు దుంగ మొదటికడ వంగి చూచితిని. రంపము కోసిన గుండ్రని ముఖముపై వయస్సును దెలుపు వలయములు, ఒక ప్రక్క అటవీశాఖవారి సుత్తిముద్ర, దానిచెంత సగము చెరిగిన అంకెలు, బెరడు పగుళ్లలో ఎండి బిగిసిన ఎఱ్ఱమన్ను. ఆ దుంగ ఏ కొండవాలునుండి దిగివచ్చినదో, లారీలు రాకమున్ను ఆ వాలుమీద ఎవరు నడచిరో, ఏమి మోసిరో తెలిసికొనవలయునను కోరికయే ఈ వ్యాసమునకు మూలము.

ఇదే పేరుగల ఊరు మఱియొకటి దక్షిణమున బస్తరు పీఠభూమిపై, కొండగాఁవునకును జగదల్‌పూరునకును నడుమ కలదు. మైదానపు భన్‌పురికి దిగువగా రాయపూరు దాటి, ధమ్‌తరి, కాంకేరు గడచి, పండ్రెండు మలుపుల కేశ్‌కాల్ కనుమ నెక్కి, కొండగాఁవు మీదుగా పోవు దారి పీఠభూమిపైనున్న ఆ రెండవ భన్‌పురిని తాకుచు ముందునకు సాగును. సాగి, జగదల్‌పూరు, జయపురము, కోరాపుట్టు, పొట్టంగి, సుంకి దాటి, సాలూరుకడ మన తెలుగు మైదానమున దిగును. నిన్నమొన్నటివఱకు 43వ జాతీయ రహదారియని పిలువబడినది ఈ దారియే. నేటి లెక్కలో 30వ సంఖ్య దాల్చిన రహదారి జగదల్‌పూరుకడ చీలి, కొంటా, భద్రాచలము, కొత్తగూడెముల మీదుగా విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నమునకు వచ్చుచున్నది. కాబట్టి ఛత్తీస్‌గఢ్ మైదానమనగా ఎక్కడనో ఉత్తరదేశమని తలంచు తెలుగువాడు ఒక్కమాట గ్రహింపవలెను: అది మన తూర్పుకనుమల పెరటిగుమ్మము తెఱచినంతనే కానవచ్చు పొరుగిల్లు. ఆ గుమ్మమును మొదట తెఱచినది రాజులు కారు, ఇంజనీర్లు కారు. ఉప్పుబస్తా మోసిన ఎద్దు.

ఈ భూమి పొందికను కొంచెము చూడవలెను. మహానది పరీవాహమగు రాయపూరు మైదానము సముద్రమట్టమునకు సుమారు 300 మీటర్ల ఎత్తున వరిపొలములతో పళ్లెమువలె పఱచుకొనియుండగా, పడమట మైకల్ కొండలు, తూర్పున సోనాఖాన్, బార్నవాపారా అడవులు, దక్షిణమున మహానది పుట్టిన సిహావా కొండలు దానికి అంచులు కట్టినవి. దక్షిణపు టంచు నెక్కినంతనే బస్తరు పీఠభూమి సుమారు 600 మీటర్ల ఎత్తున సాలవృక్షముల నీడలో ఆరంభమగును. దానికి ఆవల కోరాపుట్టు కొండలు ఇంకను పైకి లేచి, పొట్టంగి చెంత 1672 మీటర్ల దేవమాలి శిఖరము నందుకొని, అటుపిమ్మట సాలూరువైపు ఒక్కమాఱుగా దిగజారును. రెండు మైదానములు, నడుమ అడవి కప్పిన రెండు మెట్లు: దారియొక్క కథ అంతయు ఈ మెట్లను ఎక్కుటలోను దిగుటలోను ఉన్నది.

ఈ మెట్లమీద మానవుని అడుగు మిక్కిలి ప్రాచీనము. నాలుగవ శతాబ్దిలో సముద్రగుప్తుని దక్షిణ దిగ్విజయమును వర్ణించు ప్రయాగ ప్రశస్తి జయింపబడిన రాజులను పేర్కొనుచు కోసల మహేంద్రునితో మొదలిడి, మహాకాంతారపు వ్యాఘ్రరాజును దాటి, పిష్ఠపురమును, వేంగిని పేర్కొన్నది. దక్షిణకోసలమనగా ఈ రాయపూరు, బిలాస్‌పూరు సీమ. పిష్ఠపురము మన పిఠాపురము. నడుమనున్న మహాకాంతారమనగా పేరులోనే తెలియుచున్న మహారణ్యము. ఏడవ శతాబ్దిలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ కళింగమునుండి కోసలమునకును, కోసలమునుండి ఆంధ్రమునకును వచ్చెను. బస్తరు నేలిన చిందక నాగుల కాలమున గంగమహాదేవి యను రాణి బార్సూరులో శివాలయములు కట్టించి వేయించిన శాసనము తెనుగున నున్నది. అడవినడుమ తెనుగు చదువువారు లేనిదే తెనుగు శాసనము పుట్టదు. త్రోవ లేనిదే చదువువారు అచ్చటికి చేరరు.

దంతేవాడలో నేటికిని చెప్పుకొను ఒక ఐతిహ్యము ఈ త్రోవల ఆత్మను పట్టియిచ్చును. ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి అడవిబాట పట్టెననియు, ఇలవేల్పగు దేవి ఆయన వెనువెంట వచ్చుటకు సమ్మతించి, వెనుదిరిగి చూడరాదని ఆన పెట్టెననియు, అందెల రవళి వినుచు రాజు ముందు నడచెననియు, శంఖిని డంకిని నదుల సంగమముకడ ఇసుకలో పాదములు దిగబడి అందెలు మ్రోగకపోగా ఆయన తిరిగిచూచెననియు, దేవి అచ్చటనే నిలిచి దంతేశ్వరి యయ్యెననియు ఆ కథ. చరిత్రకారుడు దీనిని ఎట్లు తూచునో యటుండనిండు. అడవిలో నడచినవానికి మాత్రము ఇది అనుభవము. ఒంటివరుస బాటలో ముందు నడచువాడు వెనుకవాని అలికిడిని చెవితోనే కనిపెట్టును. ఆ చప్పుడు ఆగినచో గుండె ఆగినట్లగును.

రాజులు ఎప్పుడో ఒకమాఱు నడచిరి. ఉప్పు ఏటేట నడచెను. ఛత్తీస్‌గఢ్‌లో వరి పండును, అపరాలు పండును, నూనెగింజలు పండును. అడవిలో ఇప్పపూవు, సారపప్పు, కరక్కాయ, లక్క, తేనె, చింతపండు దొరకును. ఉప్పు మాత్రము గుప్పెడైనను పుట్టదు. సముద్రతీరమున కోనాడ, భీమునిపట్నము, నౌపడాల యుప్పుమళ్లలో అది తెల్లని కుప్పలుగా నేలమీద పడియుండును. కావున తీరమునుండి మైదానమునకు ఉప్పును, మైదానమునుండి తీరమునకు ధాన్యమును చేరవేయువారు రెండు సీమలకును ప్రాణబంధువులైరి. వారే లంబాడీలు, సుగాలీలు, బంజారాలు అని పలుపేర్ల మనమెఱిగిన సంచారులు. లంబాడీ, లమాణీ యను మాటలే లవణశబ్దమునుండి పుట్టినవని కొందఱు పండితుల మతము. వారికే కాక మన తెలుగు గ్రామములలోని పెరికెవారికిని ఎడ్లపై గోనెలు మోయించుట కులవృత్తి. పెరికె యనగా ఎద్దుమీది గోనెసంచియే కదా.

ఈ ఎడ్లబిడారు నడచిన తీరును కొంచెము దగ్గఱగా చూడవలెను. సాలూరువంటి కనుమపాదపు ఊళ్లవఱకు బండి వచ్చును. ఆపైన చక్రము పనికిరాదు. అచ్చట ఉప్పును బండ్లనుండి దింపి కంట్లములలో నింపుదురు. కంట్లమనగా ఎద్దు వీపున అడ్డముగా వేయు జోడుసంచి. రెండువైపుల బరువు సమముగా నున్నచో అది త్రాళ్లతో బిగింపకయే నిలుచును, మజిలీ చేరినప్పుడు ఇద్దఱు మనుష్యులు ఒక్క ఊపున ఎత్తి దింపగలరు. దింపిన సంచులను వలయముగా పేర్చి కోటగోడవలె కట్టి, నడుమ పిల్లలను, వంటపొయ్యిలను, లేగలను ఉంచుకొని, వెలుపల నెగళ్లు వేసి, కుక్కలను విడిచి, పులిభయమునుండి తప్పించుకొని రాత్రి గడపుదురు. 17వ శతాబ్దిలో భారతదేశము తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పదివేలు పండ్రెండువేల ఎడ్లుగల బిడారులను చూచితిననియు, ఎదురుపడినప్పుడు దారి వదలుటకు రెండుమూడు దినములు ఆగవలసివచ్చెడిదనియు వ్రాసెను. కనుమలలో నడచిన గుంపులు అంతటివి కాకపోవచ్చును. కాని వందల ఎడ్లు ఒకదాని వెనుక నొకటిగా మలుపు తిరుగుచుండ, మొదటి ఎద్దు గంట పైవాలున మ్రోగుచుండగా చివరి ఎద్దు ఇంకను లోయలోని వాగులో నీరు త్రాగుచుండుట ఊహించుట కష్టము కాదు.

ఆ మొదటి ఎద్దును గూర్చి రాయ్ బహదూర్ హీరాలాల్, రసెల్‌తో కూడి 1916లో వెలువరించిన మధ్యపరగణాల కులజాతుల గ్రంథమున ఒక ముచ్చట నమోదైనది. బిడారునకు ముందు నడచు ఒక ఎద్దును బాలాజీకి అంకితము చేసి, దానిమీద బరువెన్నడును వేయక, ఎఱ్ఱని పట్టుపీలికలతో, గవ్వల పేరులతో, ఇత్తడి గంటలతో అలంకరింతురట. అది అలసి ఎచ్చట పరుండునో అచ్చటనే ఆనాటి మజిలీ. కష్టము వచ్చినప్పుడు మ్రొక్కునదియు దాని కాళ్లకే. ఇది కేవలము మూఢభక్తియని త్రోసివేయరాదు. నీటి వాసనను, పచ్చికను, నేల మెత్తదనమును, ఒంటి అలసటను మనిషికన్న ముందు ఎఱుగునది ఎద్దు. దాని ఇంద్రియజ్ఞానమునకు మనిషి తన నడకను అప్పగించి, ఆ అప్పగింతకు దైవమను పేరు పెట్టుకొనెను.

ఎద్దు వేసిన బాటకును ఇంజనీరు వేసిన రోడ్డునకును భేదము ఇందుననే యున్నది. బరువు మోయు ఎద్దు వాలును నిటారుగా ఎక్కదు. కొండ వెన్నెముకనుండి దిగివచ్చు ఒక పక్కటెముకను పట్టుకొని, ఏటవాలుగా, ఊపిరికి తగినంత ఎత్తుమాత్రమే ఎక్కును. వానచేత నున్ననైన బండను తప్పించి చుట్టు తిరుగును. వాగును లోతున కాక, గులకఱాళ్లు పఱచుకొనిన పలుచని రేవున దాటును. నాలుగైదు కోసులలోపల నీరు లేని దారిని స్వీకరింపదు. ఒక తరము నడచిన గిట్టలజాడలోనే మఱియొక తరము నడువగా, నేల అఱగి, మోకాలిలోతు గాడియై, వానకాలమున వాగై, దసరా వెళ్లినపిమ్మట మరల బాటయై యుండెడిది. ఎవరును గీయని గీత, ఎవరును చేయని కొలత. అయినను పిమ్మటివారు కనుమరోడ్లు వేయుటకు గొలుసులతో కొలువవచ్చినప్పుడు ఈ గాడులనే మొదట వెదకవలసివచ్చెను.

ఈ వర్తకమంతయు ధర్మముగా జరిగెనని నేను చెప్పను. బస్తరు సంతలలో ఆదివాసి తెచ్చిన సారపప్పునకు తూకమునకు తూకముగా ఉప్పు కొలిచి యిచ్చిన దురాచారము మొన్నమొన్నటివఱకు అందఱెఱిగినదే. ఒక చెట్టుక్రింద వంగి గింజగింజ ఏరి, పెంకు పగులగొట్టి, ఎండబెట్టి తెచ్చిన పప్పునకు సముద్రము ఊరక యిచ్చిన ఉప్పు సమమగుట ఏ న్యాయము? ఉప్పు లేనిదే బ్రదుకు సాగదను ఒక్క నిస్సహాయతయే ఆ తూకమును నిలిపినది. ఈ బాటల చరిత్రలో ఎడ్లగంటల మాధుర్యముతోపాటు ఈ త్రాసు కఱకుదనమును గూడ వ్రాసి పెట్టవలయును.

18వ శతాబ్ది చివర కంపెనీవారి దృష్టి ఈ త్రోవలమీద పడెను. 1790లో లెక్కీ యను దొర కటకమునుండి నాగపూరునకు ఈ సీమమీదుగా ప్రయాణించి వ్రాసిన దినచర్య పేరులోనే దక్షిణ బంజారా కనుమ యను మాట నిలిచియున్నది. రాజులు మారినను కనుమ పేరు బంజారాదే. 1795లో కెప్టెన్ బ్లంట్ చునారునుండి బయలుదేరి, రతన్‌పూరు, రాయపూరు, కాంకేరుల మీదుగా ఏలూరు సర్కారునకు దారి కనుగొనవచ్చి, బస్తరు అడవిలో గోండుల ప్రతిఘటన నెదుర్కొని, పడమటకు మరలి, వైరాగఢము, సిరోంచల మీదుగా తెలుగుదేశము చేరెను. బంజారాలు ఏటేట తిరుగాడు అడవిలో సాయుధుడగు కెప్టెను ప్రవేశింపలేకపోయెను. కారణము సుబోధము: ఉప్పు తెచ్చువాడు అతిథి, పటము గీయువాడు శత్రువు.

1818 తరువాత ఛత్తీస్‌గఢ్ పాలన చూచిన కర్నల్ ఆగ్న్యూ ముఖ్యస్థానమును రతన్‌పూరునుండి రాయపూరునకు మార్చుటతో ఉత్తరపు బాటకు, నేటి భన్‌పురి నిలిచిన ఆ దిక్కునకు, ప్రాముఖ్యము హెచ్చెను. అయినను చాలకాలమువఱకు రాయపూరు చేరుట అనగా అడవి దాటుటయే. 1877లో బాలుడగు నరేంద్రనాథ దత్తుడు, అనగా రానున్న వివేకానందుడు, తల్లితోడను తోబుట్టువులతోడను తండ్రియున్న రాయపూరునకు వచ్చినప్పుడు, రైలు దిగినపిమ్మట ఎడ్లబండిలో రెండు వారములకు పైగా వనముల నడుమ పయనింపవలసివచ్చెను. కొండచఱియ చీలికలో పైనుండి క్రిందివఱకు వ్రేలాడు మహత్తరమైన తేనెపట్టును చూచి, అనంతచింతనలో మునిగి, బాహ్యస్మృతి కోల్పోయితినని ఆయన పిమ్మట చెప్పెను. రైలుకిటికీలోనుండి ఆ తేనెపట్టు ఒక్క నిమిషములో వెనుకకు పోయియుండెడిది; ఎడ్లబండి మందగమనము ఆ బాలుని కన్నులకు దానిని చాలినంతసేపు నిలిపెను.

అడవిబాట వర్తకునకు దారి, యాత్రికునకు ధ్యానము, పీడితునకు శరణ్యము. 1856 నాటి కఱవులో వర్తకుని ధాన్యపుకొట్టు తెఱపించి ప్రజలకు పంచిన సోనాఖాన్ జమీందారు నారాయణసింహుడు చెఱనుండి తప్పించుకొని చేరినది తన కొండబాటలనే. చివరకు పట్టుబడి 1857 డిసెంబరు 10న రాయపూరులో ఉరికంబ మెక్కెను. 1910లో బస్తరులో గుండాధూరుని నాయకత్వమున భూమ్‌కాల్ తిరుగుబాటు రేగినప్పుడు, ఊరినుండి ఊరికి మామిడికొమ్మలు, మిరపకాయలు, మట్టిగడ్డ, బాణములు చేతులు మారి సందేశములై ఈ కాలిబాటలనే నడచెను. పండ్రెండేండ్లకు, 1922లో, ఇవే తూర్పుకనుమల దక్షిణపు మడతలలో గూడెము కొండలవారిచేత కూలి సరిగా నీయక రోడ్డుపని చేయించుట అల్లూరి సీతారామరాజు పోరాటమునకు ఒక కారణమయ్యెను. తన కాలిబాటమీద స్వేచ్ఛగా నడచినవానిని పట్టి తెచ్చి, పరుల బండికి రోడ్డు వేయుమనుట ఎంతటి యవమానమో ఆ కొండవాడే యెఱుగును.

బిడారులు ఎట్లంతరించెను? కారణములు పెక్కు. మదరాసు రాజధానిలో 1805లోనే ఉప్పు సర్కారు గుత్తయై, పన్నుబరువు ఎద్దువీపు బరువును మించెను. 1863లో జయపురమున దొరతనమువారి అధికారము నెలకొన్న పిమ్మట సాలూరు కనుమలో బండ్లదారి పడగా, కంట్లములతో పని తగ్గెను. 1880 దశకములో బెంగాల్ నాగపూరు రైలు రాయపూరు చేరెను. 1900లో ధమ్‌తరికి సన్నపట్టాల రైలు వచ్చెను. 1931లో విజయనగరము, పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూరునకు పూర్తియైన రైలుమార్గము, 1933లో తెఱచిన విశాఖపట్న రేవు, ఈ రెండును కలసి ఉప్పును ధాన్యమును ఒక్క రాత్రిలో కనుమలు దాటించెను. ఆ పట్టాల క్రింద స్లీపర్లుగా పఱచినవి ఈ అడవుల సాలవృక్షములే. బాటకు నీడనిచ్చిన చెట్టు, బాటను మఱపించిన రైలును తన వెన్నుపై మోయవలసివచ్చెను. వర్తకము పోయిన సంచారిని చూచి దొరతనము జాలి చూపకపోగా, 1871 నాటి నేరజాతుల చట్టము నీడలో అతని నడకనే నేరముగా చూచెను. ఆ చట్టము రద్దగుటకు 1952వఱకు వేచియుండవలసివచ్చెను. బిడారు తండాయయ్యెను, తండా పొలముచెంత పాదుకొనెను. మన తెలంగాణ రాయలసీమల లంబాడీ తండాలు చాలవఱకు ఆ ఆగిపోయిన నడకల మజిలీలే.

ఇక అడవిలో నడచు హక్కు సంగతి. 1878 అటవీచట్టమున, పిదప 1927 చట్టపు 25వ సెక్షనులో, రిజర్వు అడవిలోని దారిని, అది ప్రజలదైనను, ప్రభుత్వానుమతితో మూసివేయు అధికారము అటవీ అధికారికి కలిగెను. సరియైన మఱియొక దారి ఉండవలెనని షరతు మాత్రము గలదు. సరియైనదో కాదో నిర్ణయించునది నడచువాడు కాదు. వేయేండ్లు గిట్టలును పాదములును వ్రాసిన హక్కుపత్రము ఒక కాగితపు సంతకముచేత చెల్లకపోయెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవివాసుల సాముదాయిక హక్కులను గుర్తించినది. ఆ హక్కులలో తాతలనాటి త్రోవను గూడ చేర్చి చూచుకొనుట గ్రామసభల వివేకముపై ఆధారపడియున్నది.

నేడు రాయపూరునుండి విశాఖపట్నమునకు 464 కిలోమీటర్ల ఆఱువరుసల క్రొత్త రహదారి నిర్మాణమున నున్నది. కేశ్‌కాల్ కొండల కడుపులో దాదాపు మూడు కిలోమీటర్ల సొరంగము త్రవ్వినారు. ఉదంతి సీతానది అడవి చెంత మృగములు దాటుటకు క్రిందదారులు, కోతులు దాటుటకు పైపందిళ్లు కట్టుచున్నారు. ఇది మెచ్చదగిన పనియే. అడవిజంతువునకు దారి విడువవలెనని ఇంజనీరునకు తోచినందుకు నేను నిండుమనసుతో సంతసించుచున్నాను. అదే యోచన ఒక అడుగు ముందునకు సాగి, ఆ కొండలలో నడచు మనిషికిని చేరవలెనని నా విన్నపము. బార్నవాపారాలోనో, సిహావాలోనో, పొట్టంగి వాలులలోనో విహారమునకై వచ్చు పట్టణపు యువకులకు క్రొత్తగా బాటలు కొట్టనక్కఱలేదు; గాడులుపడిన పాతబాటలను ఆ ఊరివారిచేతనే శుభ్రపఱపించి, వారికి తగిన కూలి యిచ్చి, వారినే దారిచూపువారుగా పెట్టుకొని నడచిన చాలును. సాలూరువైపున తెలుగువారును, కేశ్‌కాల్‌వైపున ఛత్తీస్‌గఢీవారును తమతమ వాలులలోని మజిలీల పేర్లను, రేవుల పేర్లను, కనుమలలోని దేవతల పేర్లను వృద్ధులు బ్రదికియుండగానే వ్రాసి యుంచవలెను. రెండు వానకాలములు ఎవరును నడువనిచో బాటమీద బోద మొలచును. మూడవయేట ఆ పేరు పలుకువాడుండడు.

బస్తరు సంతలలో సాయంకాలపు వేళ ఒక దృశ్యము కానవచ్చును. చింతపండో ఇప్పపూవో అమ్ముకొనిన స్త్రీలు, గాజులు చూచి, బట్టలు తడవి, ఎండుచేపలు బేరమాడి, లేచిపోవునప్పుడు ఉప్పు కొందురు. ఆ ఉప్పు సముద్రమునుండి అంతదూరము రైలులోను లారీలోను వచ్చినదే. కాని రోడ్డు ముగిసినచోట వారు గంపలు నెత్తికెత్తుకొని, ఒకరి వెనుక నొకరుగా, చెట్ల నడుమనున్న సన్నని గీతలోనికి తిరుగుదురు. ఇన్ని వాహనములు మారి వచ్చిన ఉప్పు తుదికోసు నేటికిని నడచియే పోవుచున్నది.